27 వరస మ్యాచ్‌ల తర్వాత బొగోటా: నీల్ ఫ్రాంక్లిన్ ఎందుకు వెళ్ళాడు, వెళ్ళి ఏం కోల్పోయాడు

1950 ఏప్రిల్ 15న గ్లాస్గోలోని హాంప్‌డెన్ పార్కులో ఇంగ్లండ్ 1-0 తేడాతో స్కాట్లండ్‌ను ఓడించింది. ఇంగ్లండ్ రక్షణ వరస మధ్యలో 5వ నంబరు చొక్కాతో ఆడిన నీల్ ఫ్రాంక్లిన్‌కు అది వరసగా 27వ అంతర్జాతీయ మ్యాచ్. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఇంగ్లండ్ ఆడిన అధికారిక మ్యాచ్‌లలో అప్పటివరకు అతడు లేనిది ఒక్కటీ లేదు. వయసు 28. ఇంకో పది వారాల్లో ఇంగ్లండ్ మొట్టమొదటిసారి ప్రపంచకప్ ఆడబోతోంది. అలాంటి సమయంలో, మే నెలలో, అతడు కొలంబియా రాజధాని బొగోటాకు వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎన్నడూ ఇంగ్లండ్ జట్టులో కనిపించలేదు.

యూరప్ ఆటగాళ్ళు సౌదీ లీగ్‌కు వెళ్ళినప్పుడల్లా, బదిలీ నిబంధనలపై యూరప్ కోర్టుల్లో తీర్పులు వచ్చినప్పుడల్లా ఈ పాత కథ మళ్ళీ వినిపిస్తుంది. వినిపించిన ప్రతిసారీ ఒకటి రెండు వాక్యాలకు కుదించుకుపోతుంది. "డబ్బుకు ఆశపడి దేశాన్ని వదిలేశాడు, నష్టపోయాడు" అంటారు కొందరు. "బానిస పద్ధతిపై తిరగబడ్డాడు" అంటారు మరికొందరు. అసలు ఇందులో మూడు వేర్వేరు ముడులున్నాయి: జీతానికి పెట్టిన గరిష్ఠ పరిమితి, ఆటగాణ్ణి క్లబ్బు అట్టిపెట్టుకునే పద్ధతి, దేశాల మధ్య బదిలీపై ఫిఫా అదుపు. మూడింటినీ విడదీసి చూడకపోతే అతడు వెళ్ళిన కారణమూ తెలియదు, తిరిగొచ్చాక అంత దెబ్బ ఎందుకు తగిలిందో కూడా తెలియదు.

కుమ్మరి పట్నం కుర్రాడు, యుద్ధం మింగిన ఏడేళ్ళు

ఫ్రాంక్లిన్ 1922 జనవరి 24న స్టోక్-ఆన్-ట్రెంట్‌లోని షెల్టన్‌లో పుట్టాడు. పింగాణీ బట్టీలకు పేరుపడిన ఊరు అది. ఊరి క్లబ్బు స్టోక్ సిటీలో కుర్రాడిగా చేరి, 17వ ఏట 1939లో వృత్తి ఆటగాడయ్యాడు. ఆ సెప్టెంబరులోనే యుద్ధం మొదలైంది. ఫుట్‌బాల్ లీగ్ పోటీలు 1946 దాకా ఆగిపోయాయి. ఆ మధ్యకాలంలో అతడు వైమానిక దళంలో పనిచేస్తూ ప్రాంతీయ యుద్ధకాలపు పోటీల్లో ఆడాడు.

అతడి లెక్కల్లో తరచూ కనబడే తికమక ఇక్కడిదే. యుద్ధకాలంలోనూ, యుద్ధం ముగిసిన వెంటనే జరిగిన "విక్టరీ" మ్యాచ్‌లలోనూ అతడు ఇంగ్లండ్‌కు ఆడాడు. కానీ వాటిని అధికారిక మ్యాచ్‌లుగా లెక్కించరు. 27 అనే అంకె 1946 సెప్టెంబరు 28న బెల్ఫాస్ట్‌లో ఉత్తర ఐర్లండ్‌పై 7-2 గెలుపుతో మొదలై హాంప్‌డెన్‌తో ముగుస్తుంది. ఒక ఆటగాడు ఎదిగే వయసు, 17 నుంచి 24 వరకు, అధికారిక రికార్డులో దాదాపు ఖాళీ.

ఆ 27లో రెండు మ్యాచ్‌లు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1947 మేలో లిస్బన్‌లో పోర్చుగల్‌పై 10-0, 1948 మేలో టూరిన్‌లో ఇటలీపై 4-0. ఇటలీ అప్పటికి ప్రపంచ విజేత. దాని సొంతగడ్డపై ఒక్క గోలు కూడా ఇవ్వకుండా గెలిచిన జట్టు నడిమధ్య నిలబడింది ఫ్రాంక్లిన్.

క్లబ్బులో మాత్రం నిరాశే మిగిలింది. 1946-47లో స్టోక్ చివరి మ్యాచ్ గెలిస్తే లీగ్ టైటిల్ దానిదే. 1947 జూన్ 14న షెఫీల్డ్ యునైటెడ్ చేతిలో 2-1తో ఓడి నాలుగో స్థానంలో ఆగింది. అంతకు నెల రోజుల ముందే క్లబ్బు తన అతిపెద్ద ఆటగాడు స్టాన్లీ మాథ్యూస్‌ను 11,500 పౌండ్లకు బ్లాక్‌పూల్‌కు అమ్మేసింది. టైటిల్ చేతికందే దూరంలో ఉండగా జరిగిన ఆ అమ్మకం స్టోక్‌లో చాలాకాలం మానని గాయం.

సెంటర్ హాఫ్ అంటే ఎవరు? 5వ నంబరు వెనక్కి ఎలా వచ్చింది?

"హాఫ్" అన్న మాట చూసి అతణ్ణి మిడ్‌ఫీల్డర్ అనుకునేవారున్నారు. ఒకప్పుడు అది నిజమే. 1925కు ముందు జట్లు వెనక ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు, మధ్యలో ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, ముందు ఐదుగురు ఫార్వర్డ్‌లతో ఆడేవి. మధ్యలో ఉండే సెంటర్ హాఫ్ దాడికీ రక్షణకూ ఇరుసులాంటివాడు.

1925లో ఆఫ్‌సైడ్ నియమం మారింది. అంతకుముందు బంతి అందుకునే ఆటగాడికీ గోల్‌లైనుకీ మధ్య ప్రత్యర్థులు కనీసం ముగ్గురుండాలి. కొత్త నియమంలో ఇద్దరుంటే చాలు. ఫలితంగా ఫుట్‌బాల్ లీగ్‌లో గోల్స్ ఒక్క ఏడాదిలో 4,700 నుంచి 6,373కు ఎగబాకాయి. ఆ వరదకు అడ్డుకట్టగా హెర్బర్ట్ చాప్‌మన్ నడిపిన ఆర్సెనల్ వంటి జట్లు సెంటర్ హాఫ్‌ను ఇద్దరు ఫుల్‌బ్యాక్‌ల మధ్యకు లాగి మూడో బ్యాక్‌గా నిలబెట్టాయి. చోటు మారింది కానీ పేరూ, తర్వాత వచ్చిన 5వ నంబరూ అలాగే ఉండిపోయాయి. అందుకే ఫ్రాంక్లిన్‌ను నేటి భాషలో సెంటర్ బ్యాక్ అనాలి.

ఆ కొత్త చోటుకు ఇంగ్లండ్‌లో వాడుకపడిన పేరు "స్టాపర్": ప్రత్యర్థి సెంటర్ ఫార్వర్డ్‌ను అంటిపెట్టుకోవడం, గాలిలో వచ్చిన ప్రతి బంతినీ తలతో కొట్టడం, కాళ్ళకు దొరికితే ఎంత దూరం పోతే అంత దూరం బాదేయడం. ఫ్రాంక్లిన్ ఆ మూసలో ఇమడడు. ఒంటిని ఒంటికి తగిలించి బంతి లాక్కోవడం కంటే పాస్ ఎటు వస్తుందో ముందే పసిగట్టి మధ్యలో అందుకోవడం అతడి పద్ధతి. అందుకున్న బంతిని బాదకుండా, తల ఎత్తి చూసి, పక్కనున్న వింగ్ హాఫ్‌కు (పక్కవైపు ఆడే హాఫ్‌బ్యాక్‌కు) నేలమీదుగా ఇచ్చేవాడు. ఇప్పటి సెంటర్ బ్యాక్‌ల నుంచి కోచ్‌లు కోరేది సరిగ్గా ఇదే. 1940లలో మాత్రం ఇది అరుదు, ప్రమాదకరం కూడా. బంతి పోయిందంటే వెనక గోల్‌కీపర్ తప్ప ఎవరూ ఉండరు. అతడి స్థానం భర్తీ చేయడం తర్వాత ఎందుకంత కష్టమైందో ఈ ఒక్క విషయంతో అర్థమవుతుంది.

మొదటి ముడి: వారానికి 12 పౌండ్లు, అంతకు మించి ఎవరికీ లేదు

ఇంగ్లండ్ లీగ్‌లో ఆటగాళ్ళ జీతానికి 1901 నుంచి గరిష్ఠ పరిమితి ఉంది. మొదట వారానికి 4 పౌండ్లు. 1922 నుంచి సీజన్‌లో 8. 1947 నుంచి సీజన్ వారాల్లో 12, వేసవి వారాల్లో 10. గెలుపుకు 2 పౌండ్లు, డ్రాకు 1 పౌండు అదనం. ఇది గరిష్ఠం మాత్రమే. చిన్న క్లబ్బుల్లో చాలామందికి అంత కూడా అందేది కాదు. దేశంలోనే మొదటివరస సెంటర్ హాఫ్ అయినా అంతకు మించి ఒక్క పౌండు తీసుకున్నా నేరమే.

ఆ కాలంలో ఇంగ్లండ్‌లో ఫ్యాక్టరీ పని చేసే మగవాడి సగటు సంపాదన వారానికి సుమారు 7 పౌండ్లు. అంటే ఆటగాడు పేదవాడేమీ కాదు. ఆటగాళ్ళ కోపానికి మూలం ఆ 12 తక్కువ కావడం కంటే, వాళ్ళ చుట్టూ పోగవుతున్న సొమ్ము. 1948-49లో లీగ్ మ్యాచ్‌లకు మొత్తం 4 కోట్ల 12 లక్షల పైచిలుకు మంది వచ్చారు. అది నేటికీ రికార్డే.

ఒక లెక్క వేసి చూద్దాం. అప్పట్లో పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. మన పాత రూపాయి-అణా-పైసల వంటిదే. కనీస టికెట్ షిల్లింగుంబావు, అంటే 15 పెన్నీలు. 30,000 మంది వచ్చి, అందరూ కనీస టికెట్టే కొన్నారనుకున్నా 4,50,000 పెన్నీలు, అంటే 1,875 పౌండ్లు. మైదానంలో దిగిన 11 మందికీ గరిష్ఠ జీతం ఇస్తే 132 పౌండ్లు. వినోదపు పన్ను, ప్రత్యర్థి జట్టు వాటా, మైదానం ఖర్చులు, రిజర్వు ఆటగాళ్ళ జీతాలు తీసేయాల్సిందే. తీసేశాక కూడా మిగిలే తేడా చిన్నది కాదు. ఆ తేడా ప్రతి శనివారం ఆటగాళ్ళ కళ్ళెదుటే ఉండేది.

రెండో ముడి: "రిటెయిన్" అనే మాట, ఐపీఎల్‌తో పోలిక ఎక్కడ తెగుతుంది

తెలుగు పాఠకులకు రిటెయిన్ అంటే వెంటనే ఐపీఎల్ గుర్తొస్తుంది. ఆ పోలిక కొంతదూరమే పనికొస్తుంది.

ఇంగ్లండ్‌లో ఆటగాడి ఒప్పందం ఒక్క ఏడాదికే. సీజన్ చివర్లో ప్రతి క్లబ్బూ జాబితా తయారుచేసేది. ఒకవైపు అట్టిపెట్టుకునేవారు, మరోవైపు అమ్మకానికి పెట్టేవారు. అట్టిపెట్టుకునే జాబితాలో పేరుంటే ఒప్పందం గడువు ముగిసినా సరే, ఆటగాడు లీగ్‌లో మరో క్లబ్బుకు ఆడలేడు. కొత్త ఒప్పందంపై సంతకం చేయకపోతే జీతం ఆగిపోతుంది, అయినా అతడి రిజిస్ట్రేషన్ పాత క్లబ్బు చేతిలోనే ఉంటుంది. ఉద్యోగం ఉండదు, వదిలి వెళ్ళే స్వేచ్ఛా ఉండదు. చేతిలో ఉన్న దారి ఒక్కటే, లీగ్ బయట చిన్న జట్లలో ఆడుకోవడం.

ఐపీఎల్ వేలంలో ఒక ఆటగాడి ధర పది కోట్లు పలికితే అది అతడి జీతం. ఇంగ్లండ్ బదిలీలో ధర ఎంత పలికినా అది పాత క్లబ్బుకు పోయేది. ఆటగాడికి దక్కేది 10 పౌండ్ల సంతకం రుసుము. కొత్త క్లబ్బులోనూ జీతం అదే 12. అంటే బదిలీ వల్ల ఆటగాడి ఊరు మారుతుంది, జట్టు మారుతుంది, బతుకు మాత్రం పెద్దగా మారదు. ఐదేళ్ళు ఒకే క్లబ్బులో ఉన్నవాడికి బెనిఫిట్ పేరుతో కొంత ముట్టేది. అది హక్కు కాదు, క్లబ్బు ఇష్టం.

స్టోక్ నుంచి కదలాలని ఫ్రాంక్లిన్‌కు ఉండేది. క్లబ్బు వదల్లేదు. మాథ్యూస్‌ను అమ్మి విమర్శల పాలైన యాజమాన్యం మరో ఇంగ్లండ్ ఆటగాణ్ణి వదులుకోవడానికి జంకడంలో ఆశ్చర్యం లేదు.

కోర్టుకు ఎందుకు వెళ్ళలేదని అడగవచ్చు. 1912లో ఆస్టన్ విల్లాపై హెర్బర్ట్ కింగబీ అనే ఆటగాడు వేసిన కేసు ఓడిపోయింది. ఖర్చులు మోసిన ఆటగాళ్ళ సంఘం దాదాపు దివాళా తీసింది. ఆ దెబ్బ తర్వాత అర్ధశతాబ్దం పాటు కోర్టు మెట్లెక్కే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మూడో ముడి: ఫిఫా చేయి అందని చోటు

స్పెయిన్‌కో ఇటలీకో వెళ్ళాలనుకున్నా స్టోక్ అనుమతి కావాలి. రెండు దేశాల సంఘాలూ ఫిఫా సభ్యులైతే ఒకరి రిజిస్ట్రేషన్‌ను మరొకరు గౌరవించాలి. కొలంబియా మాత్రం అప్పట్లో ఆ వలయం బయట ఉంది.

అక్కడ 1948లో "డిమాయోర్" పేరుతో వృత్తి లీగ్ మొదలైంది. ఇది దేశపు అధికారిక ఫుట్‌బాల్ సంఘంతో గొడవపడి ఫిఫా గుర్తింపు కోల్పోయింది. గుర్తింపు పోవడం మామూలుగా శిక్ష. ఈ లీగ్‌కు అదే అవకాశమైంది. ఫిఫా నియమాలు తనకు వర్తించనప్పుడు ఏ క్లబ్బుకూ బదిలీ రుసుము చెల్లించనక్కర లేదు. రుసుముకు పోయే సొమ్మంతా ఆటగాడి జీతంగా ఇవ్వవచ్చు. సరిగ్గా అప్పుడే అర్జెంటీనాలో ఆటగాళ్ళ సమ్మె నడుస్తోంది. 1949లో అడోల్ఫో పెదెర్నెరా, ఆ తర్వాత ఆల్ఫ్రెడో డి స్టెఫానో, నెస్టర్ రోసీ బొగోటాలోని మిలొనారియోస్‌కు వచ్చేశారు. ఈ కాలాన్ని కొలంబియన్లు "ఎల్ డొరాడో" అని పిలుచుకుంటారు, స్వర్ణభూమి అని.

మిలొనారియోస్‌కు దీటుగా అదే ఊళ్ళోని ఇండిపెండియెంటే శాంటా ఫే ఇంగ్లండ్ వైపు చూసింది. ఫ్రాంక్లిన్‌నూ, స్టోక్‌లోనే ఆడే వింగర్ జార్జ్ మౌంట్‌ఫర్డ్‌నూ రప్పించింది. అమెరికా పర్యటనలో ఉన్న మాంచెస్టర్ యునైటెడ్ వింగర్ చార్లీ మిట్టెన్ కూడా శాంటా ఫేకే వెళ్ళాడు. స్కాట్లండ్ ఆటగాడు బాబీ ఫ్లావెల్, ఎవర్టన్ ఆటగాడు బిల్లీ హిగ్గిన్స్ మిలొనారియోస్‌లో చేరారు. స్వాన్సీ ఆటగాడు రాయ్ పాల్, ఎవర్టన్ డిఫెండర్ జాక్ హెడ్లీ వెళ్ళినట్టే వెళ్ళి త్వరగా వెనక్కి వచ్చేశారు. ఇంగ్లండ్‌లో పన్నెండు పౌండ్ల దగ్గర ఆగిపోయినవారికి అక్కడ ఎన్నో రెట్ల జీతమూ, ముందస్తు సొమ్మూ మాట ఇచ్చారు.

ఫ్రాంక్లిన్ చేసిన పనుల్లో సమర్థించడానికి కష్టమైనది ఇక్కడే ఉంది. తన భార్య గర్భవతి కాబట్టి ప్రపంచకప్‌కు రాలేనని అతడు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘానికి చెప్పాడు. ఆమె గర్భవతి అన్నది నిజం. బ్రెజిల్‌కు రాలేనన్నవాడు ఆమెను వెంటబెట్టుకుని అదే ఖండంలోని మరో దేశానికి వెళ్ళాడన్నదీ నిజం. సంఘం పెద్దలు దీన్ని మరిచిపోలేదు.

బొగోటాలో ఏమైంది

బొగోటా సముద్రమట్టానికి సుమారు 2,600 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి గాలిలో ప్రాణవాయువు పలచన. మైదానమంతా పరుగెత్తే పని లేని సెంటర్ హాఫ్‌కు కూడా మొదటి వారాల్లో ఊపిరి అందదు. ఆ పలచటి గాలిలో పొడుగు బంతి అనుకున్నదానికంటే వేగంగా, దూరంగా పోతుంది. బంతి గమనాన్ని ముందే అంచనా వేయడం మీద ఆట మొత్తం ఆధారపడినవాడికి ఇది చిన్న ఇబ్బంది కాదు.

ఊరి పరిస్థితి అంతకంటే బరువైనది. 1948 ఏప్రిల్ 9న జనాదరణ ఉన్న నాయకుడు హోర్హే ఎలియేసర్ గైతాన్ హత్యకు గురయ్యాక బొగోటా నడిబొడ్డు తగలబడింది. ఆ హింస దేశమంతా పాకి ఏళ్ళ తరబడి సాగింది. ఫ్రాంక్లిన్ దంపతులు దిగేసరికి సాయంత్రం కర్ఫ్యూ అమల్లో ఉంది. తెలియని భాష, కొడిగట్టిన ఊరు, ప్రసవానికి దగ్గరపడుతున్న భార్య. మాట ఇచ్చిన సొమ్ము అనుకున్నట్టు చేతికి రాలేదన్న ఫిర్యాదు కూడా తోడైంది. అరడజను మ్యాచ్‌లు ఆడి, రెండు నెలలు దాటీ దాటకముందే అతడు వెనక్కి తిరిగాడు.

మౌంట్‌ఫర్డ్, మిట్టెన్ ఏడాది ఉండి 1951లో వచ్చారు. మిట్టెన్‌కు ఆరు నెలల నిషేధం, 250 పౌండ్ల జరిమానా పడ్డాయి. ముందే తిరిగి వచ్చిన ఫ్రాంక్లిన్‌కు తక్కువ శిక్ష పడాలని అనిపిస్తుంది. జరిగింది వేరు. మిగతావాళ్ళు వదిలి వెళ్ళింది క్లబ్బును, ఇతడు వదిలి వెళ్ళింది ప్రపంచకప్ ముందు ఇంగ్లండ్ జట్టును.

22,500 పౌండ్ల ధర, 10 పౌండ్ల రుసుము

తిరిగొచ్చిన ఫ్రాంక్లిన్‌పై సస్పెన్షన్ పడింది. స్టోక్ అతణ్ణి మళ్ళీ ఆడించదలచుకోలేదు. అలాగని వదిలేయనూ లేదు, రిజిస్ట్రేషన్ ఇంకా దాని దగ్గరే ఉంది. 1951 ఫిబ్రవరిలో రెండో డివిజన్ జట్టు హల్ సిటీకి 22,500 పౌండ్లకు అమ్మింది. రక్షణ ఆటగాడికి అప్పట్లో అది చాలా పెద్ద ధర.

ఈ అమ్మకంలో పద్ధతి మొత్తం కనబడుతుంది. సీజన్ 37 వారాలు, వేసవి 15 వారాలు అనుకుంటే గరిష్ఠ జీతం ఏడాదికి (37 × 12) + (15 × 10) = 594 పౌండ్లు. 22,500ను 594తో భాగిస్తే దాదాపు 38. బోనస్‌లు పక్కన పెడితే, తనపై పలికిన ధరను జీతంగా సంపాదించాలంటే ఫ్రాంక్లిన్ 38 ఏళ్ళు గరిష్ఠ జీతంతో ఆడాలి. అతడికి బదిలీ వల్ల దక్కేది 10 పౌండ్లు. తనను ధిక్కరించి వెళ్ళిన ఆటగాడి మీదే స్టోక్, మాథ్యూస్ ధరకు దాదాపు రెట్టింపు సంపాదించింది.

హల్‌లో రైచ్ కార్టర్ ఆటగాడు-మేనేజరుగా ఉన్నాడు, డాన్ రెవీ సహచరుడు. ఫ్రాంక్లిన్ ఆట మెరుపు అక్కడక్కడా కనిపించినా మోకాలి గాయాలు వెంటాడాయి. హల్‌కు 95 లీగ్ మ్యాచ్‌లు ఆడి, తర్వాత క్రూ అలెగ్జాండ్రా, స్టాక్‌పోర్ట్ కౌంటీలకు వెళ్ళాడు. సెలెక్టర్లు మళ్ళీ పిలవలేదు.

అతడు లేకే అమెరికా చేతిలో ఓడారా?

1950 జూన్ 29న బెలో హొరిజోంటెలో ఇంగ్లండ్ 0-1తో అమెరికా చేతిలో ఓడింది. ఫ్రాంక్లిన్ ఉండి ఉంటే అనే మాట అప్పటినుంచీ వినిపిస్తూనే ఉంది. స్కోర్లు చూస్తే ఈ వాదన నిలబడదు. ఇంగ్లండ్ మూడు మ్యాచ్‌లు ఆడింది: చిలీపై 2-0, అమెరికాతో 0-1, స్పెయిన్‌తో 0-1. ఇచ్చిన గోల్స్ మొత్తం రెండే. కొట్టినవి కూడా రెండే. సెంటర్ హాఫ్‌గా ఆడిన లివర్‌పూల్ ఆటగాడు లారీ హ్యూస్ జట్టును ముంచలేదు, ముంచింది గోల్ కొట్టలేకపోవడం. జట్టు ఎంపిక కూడా మేనేజర్ వాల్టర్ వింటర్‌బాటమ్ చేతిలో లేదు. వెంట వెళ్ళిన సెలెక్టర్ ఆర్థర్ డ్రూరీ చిలీపై గెలిచిన జట్టునే దింపాడు, మాథ్యూస్ బయట కూర్చున్నాడు.

ఫ్రాంక్లిన్ లేని లోటు ఆ తర్వాతి నాలుగేళ్ళలో బయటపడింది. బిల్ జోన్స్, హ్యూస్, అలెన్‌బీ చిల్టన్, లెస్లీ కాంప్టన్, జిమ్ టేలర్, మాల్కమ్ బారస్, జాక్ ఫ్రాగట్, హ్యారీ జాన్‌స్టన్, సిడ్ ఓవెన్... ఆ స్థానంలో ఒకరి తర్వాత ఒకరిని ప్రయత్నించారు. ఫ్రాగట్ ఒకప్పుడు వింగర్. కాంప్టన్ మొదటి అంతర్జాతీయ మ్యాచ్ ఆడేసరికి వయసు 38. (ఈ లెస్లీ తమ్ముడే క్రికెటర్ డెనిస్ కాంప్టన్. 1945 రంజీ ఫైనల్లో సి.కె. నాయుడు నాయకత్వంలో హోల్కర్ తరఫున 249 నాటౌట్ చేసింది అతడే.)

1953 నవంబరు 25న వెంబ్లీలో హంగరీ 6-3తో గెలిచినప్పుడు ఆ స్థానంలో ఉన్నది జాన్‌స్టన్. హంగరీ 9వ నంబరు హిదెగ్‌కుటి సెంటర్ ఫార్వర్డ్ చోట నిలబడకుండా వెనక్కి దిగి ఆడాడు. స్టాపర్‌కు అది చిక్కుప్రశ్న. వెంట వెళ్తే వెనక మధ్యభాగం ఖాళీ, వెళ్ళకపోతే అతడు తీరిగ్గా పాస్‌లు ఇచ్చుకుంటాడు. జాన్‌స్టన్ రెండింటి మధ్యా ఇరుక్కున్నాడు, హిదెగ్‌కుటి మూడు గోల్స్ కొట్టాడు. ఆర్నెల్ల తర్వాత బుడాపెస్ట్‌లో ఓవెన్ ఆడాడు, స్కోరు 7-1.

ఆటను చదవగలిగిన ఫ్రాంక్లిన్ దీన్ని మెరుగ్గా ఎదుర్కొనేవాడని అనుకోవడానికి కారణాలున్నాయి. అయితే 1953 నాటికి అతడికి 31 ఏళ్ళు, మోకాలు దెబ్బతింది, ఆడుతున్నది రెండో డివిజన్. పైగా ఆ రోజు దెబ్బతిన్నది ఒక్క చోటు కాదు, ఇంగ్లండ్ ఆడే పద్ధతి మొత్తం. చివరికి 1954 ప్రపంచకప్‌లో ఓవెన్ గాయపడ్డాక కెప్టెన్ బిల్లీ రైట్ వింగ్ హాఫ్ చోటు వదిలి 5వ నంబరుకు మారాడు. 105 అంతర్జాతీయ మ్యాచ్‌లతో ముగిసిన అతడి కెరీర్‌లో రెండో సగం అక్కడే గడిచింది. ఫ్రాంక్లిన్ ఖాళీ చేసిన చోటు నిండడానికి నాలుగేళ్ళు పట్టింది.

రెండు వైపుల వాదన

లీగ్ పక్షం వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. జీత పరిమితి తీసేస్తే లండన్, మాంచెస్టర్ క్లబ్బులు ఆటగాళ్ళందరినీ లాగేస్తాయి, చిన్న ఊళ్ళ జట్లు కూలిపోతాయి, బదిలీ రుసుములే వాటిని బతికిస్తున్నాయి అనేవారు. ఫలితాల్లో దీనికి ఆధారం ఉంది. 1949, 1950ల్లో పోర్ట్స్‌మత్ చాంపియన్. 1960లో సుమారు 80,000 జనాభా ఉన్న బర్న్‌లీ చాంపియన్. పరిమితి పోయిన తర్వాతి దశాబ్దాల్లో అలాంటి పేర్లు అరుదయ్యాయి.

ఎదుటి వాదన కూడా అంతే గట్టిది. ఊళ్ళ మధ్య సమానత్వం కాపాడే ఖర్చు మొత్తం ఆటగాళ్ళ జేబులోంచే ఎందుకు రావాలి? పైగా పరిమితి కాగితం మీదే ఉండేది, చాటుమాటు చెల్లింపులు మామూలే. 1957లో అలాంటి చెల్లింపులకు సండర్లాండ్ క్లబ్బుకు 5,000 పౌండ్ల జరిమానా పడింది. నియమాన్ని దాటినవాడు లాభపడి, పాటించినవాడు 12 దగ్గరే ఆగిపోయే పద్ధతిని న్యాయమని అనలేం.

ఫ్రాంక్లిన్ విషయంలో అతడు చేసిన రెండు పనులను కలిపి చూడకూడదు. ప్రపంచకప్ గురించి సంఘానికి చెప్పిన మాట తప్పు, అందుకు అతడు బాధ్యుడు. క్లబ్బు వదలకపోతే జీతం వచ్చే మరో చోటు వెతుక్కోవడం తప్పు కాదు. అతడికి ఒకదానికి పడాల్సిన శిక్ష రెండోదానికి కూడా కలిపి పడింది.

ముడులు ఒక్కొక్కటిగా విడిన క్రమం

మొదట మూసుకుపోయింది కొలంబియా దారే. 1951 లిమా ఒప్పందంతో డిమాయోర్ మళ్ళీ ఫిఫా గొడుగు కిందికి వచ్చింది. విదేశీ ఆటగాళ్ళను 1954 అక్టోబరు దాకా ఉంచుకుని తర్వాత పాత క్లబ్బులకు పంపడానికి ఒప్పుకుంది.

జీత పరిమితి 12 నుంచి 1951లో 14కు, 1953లో 15కు, 1957లో 17కు, 1958లో 20కి పెరిగింది. జిమ్మీ హిల్ అధ్యక్షుడిగా ఉన్న ఆటగాళ్ళ సంఘం సమ్మె నోటీసు ఇచ్చాక 1961 జనవరి 18న రద్దయింది. కొద్దికాలానికే ఫుల్హమ్ తన ఆటగాడు జానీ హేన్స్‌కు వారానికి 100 పౌండ్లు ఇచ్చింది.

రిటెయిన్ పద్ధతి ఇంకా మిగిలింది. దాన్ని జార్జ్ ఈస్టమ్ అనే ఫార్వర్డ్ న్యూకాసిల్‌పై వేసిన కేసులో 1963లో జస్టిస్ విల్బర్‌ఫోర్స్ తప్పుపట్టాడు. ఒప్పందం ముగిసినవాణ్ణి కట్టిపడేయడం జీవనోపాధికి అన్యాయమైన అడ్డంకి అని తేల్చాడు. అయినా రుసుము పద్ధతి పోలేదు. ఒప్పందం ముగిసిన ఆటగాడు యూరోపియన్ యూనియన్‌లో రుసుము లేకుండా వెళ్ళవచ్చని, బెల్జియం ఆటగాడు బోస్మన్ కేసులో యూరప్ కోర్టు చెప్పిన బోస్మన్ తీర్పు 1995 డిసెంబరు 15న వచ్చింది. ఒప్పందం మధ్యలో తెంచుకున్న ఆటగాడికి అంతర్జాతీయ బదిలీ పత్రం ఆపడం, కొత్త క్లబ్బును కూడా శిక్షించడం వంటి ఫిఫా నిబంధనలు యూరప్ చట్టానికి విరుద్ధమని ఫ్రాన్స్ ఆటగాడు లాసానా డియారా కేసులో తీర్పు 2024 అక్టోబరులో వచ్చింది. 1950లో ఫ్రాంక్లిన్ ఆ అదుపు దాటడానికి ఫిఫా గుర్తింపే లేని లీగ్‌ను వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆట మానేశాక అతడు సైప్రస్‌లో అపోయెల్ జట్టుకు శిక్షణ ఇచ్చాడు. 1963 నుంచి 1968 దాకా కోల్చెస్టర్ యునైటెడ్ మేనేజరుగా ఉన్నాడు. ఒకసారి కింది డివిజన్‌కు పడిపోయి, మరుసటి ఏడాదే పైకొచ్చి, మళ్ళీ పడిపోయిన ఐదేళ్ళవి. 1996 ఫిబ్రవరి 9న చనిపోయాడు. బోస్మన్ తీర్పు వచ్చి అప్పటికి సరిగ్గా ఎనిమిది వారాలు.